సమోన్నత రేఖలు, రంగుల మెట్లు: కంప్యూటరుతో పటములు గీయు విధము

పై తరగతుల బాలబాలికలు నేడు ఒక విధమైన పటమును తరచుగా చూచుచున్నారు. అందు వంకర గీతలు ఒకదాని లోపల నొకటి చుట్టుకొని యుండును; లేదా గీతల నడుమ తావులు లేత పసుపు మొదలు ముదురు ఎరుపు వరకు రంగులతో నిండియుండును. వర్షపాతము, ఉష్ణోగ్రత, భూమి ఎత్తు, సముద్రపు లోతు, గాలిలోని ధూళి మున్నగువాని నన్నింటిని ఈ రీతిగనే చూపుచున్నారు. వార్తాపత్రికలలోను టెలివిజన్‌లోను తుఫాను దినములందు తల్లిదండ్రులు చూచునవియు నివియే. పిల్లవాడు ఇట్టి పటమును చూపి "ఇదేమి?" అని యడిగినచో చెప్పగలుగుటకును, పటము ఎచ్చట నిజము చెప్పుచున్నదో ఎచ్చట మభ్యపెట్టుచున్నదో కనిపెట్టుటకును తోడ్పడవలెనని ఈ పాఠమును వ్రాయుచున్నాము. దీనికి కావలసిన గణితము ఐదవ తరగతి భిన్నములకు మించదు.

1. రేఖ యొక్క అర్థము

వేసవిలో చెరువు నీరు దినదినము తగ్గుచుండును. నీరు నిలిచిన మేర గట్టు చుట్టును ఒక తడి గీత మిగులును. మరి నాలుగు దినములకు దానికి దిగువగా ఇంకొక గీత ఏర్పడును. ఒక్కొక్క గీతమీద నున్న తావులన్నియు ఒకే ఎత్తున నున్నవి. ఏలనన నీటి మట్టము అంతట సమానము. ఈ గీతలను ఆకాశమునుండి చూచి కాగితముపై దించినచో అదియే సమోన్నత రేఖల పటము. ఆంగ్లమునందలి కాంటూరు అను మాటయు నేడు తెలుగున వాడుకలో నున్నది.

దీనినుండి మూడు సూత్రములు తేలును. ఒకే చోటు రెండు ఎత్తులలో నుండజాలదు గనుక వేర్వేరు ఎత్తుల రేఖలు ఒకదానినొకటి దాటవు. గట్టు నిట్రముగా నున్నచోట గీతలు దగ్గరగను, వాలు మెల్లగా నున్నచోట ఎడముగను ఉండును. చుట్టుకొని కలసిన రేఖ గుట్టను గాని గుంటను గాని సూచించును. ఏది యగునో రేఖపై వ్రాసిన అంకెను చూచియే తెలిసికొనవలెను. కావున అంకెలు లేని పటము సగము పటమే.

2. కొంత చరిత్ర

ఒకే విలువ గల చోట్లను గీతతో కలుపు పద్ధతి మొదట ఎత్తుల కొరకు ప్రసిద్ధి పొందలేదు. ఎడ్మండ్ హేలీ అను ఆంగ్ల ఖగోళ శాస్త్రజ్ఞుడు అట్లాంటిక్ సముద్రముపై ఓడలో తిరిగి, దిక్సూచి ముల్లు నిజమైన ఉత్తరమునుండి ఎంత ప్రక్కకు తొలగుచున్నదో కొలిచి, సమానమైన తొలగింపు గల చోట్లను రేఖలతో కలిపి 1701లో పటమును ప్రకటించెను. నావికులకు అది మిక్కిలి ఉపయోగపడినది.

1774లో నెవిల్ మాస్కెలిన్ స్కాట్లాండులోని షిహాలియన్ అను కొండ దగ్గర భూమి సాంద్రతను కనుగొనుటకు కొలతలు తీసెను. ఆ కొండ యెంత బరువుండునో లెక్కించు పని చార్లెస్ హట్టన్ అను గణిత శాస్త్రజ్ఞునిపై పడినది. కుప్పలుగానున్న ఎత్తుల అంకెలలో దారి తోచక, సమానమైన ఎత్తులను గీతలతో కలిపి చూడగా కొండ ఆకారము కంటికి కట్టినదని ఆయన 1778 నాటి నివేదిక వలన తెలియుచున్నది. 1817లో అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ సమానమైన ఉష్ణోగ్రత గల చోట్లను ఇట్లే కలిపెను.

మన దేశమున సర్వే శాఖ 1767లో ఏర్పడినది. 1802లో విలియం లాంబ్టన్ చెన్నపట్టణమున పరంగిమల సమీపమున ఆధార రేఖను కొలిచి, దేశమంతటిని త్రిభుజములతో కొలుచు మహాకార్యమునకు పునాది వేసెను. నేటి సర్వే శాఖవారి 1:50,000 పటములలో సాధారణముగా 20 మీటర్ల కొక సమోన్నత రేఖ యుండును.

3. కాగితముపై ఒక రేఖ

కంప్యూటరు చేయు పనిని ముందు చేతితో చేసి చూచుట మంచిది. ఒక బడి ఆవరణ యున్నదనుకొందము. పది మీటర్ల కొకటి చొప్పున తొమ్మిది చోట్ల మేస్త్రీలు వాడు నీటిగొట్టముతో మట్టమును కొలిచితిమనుకొందము. ఒక గుర్తుకంటె నేల ఎన్ని సెంటీమీటర్లు ఎత్తున నున్నదో ఈ అంకెలు చెప్పును. పై వరుస ఉత్తరము. ఎడమ ప్రక్క పడమర.

12   16   22
8   10   18
14   12   20

ఇప్పుడు 15 సెంటీమీటర్ల రేఖను గీయవలెను. ఉత్తరపు వరుసలో 12కును 16కును నడుమ 15 ఉన్నది. 12 నుండి 15కు 3. 12 నుండి 16కు 4. కావున రేఖ నాలుగింట మూడు వంతుల దూరమున, అనగా వాయవ్యమూల నుండి తూర్పుగా 7.5 మీటర్ల వద్ద ఆ వరుసను దాటును. నడిమి నిలువు వరుసలో 10 నుండి 16 వరకు 6. అందు 15కు చేరుటకు 5. కావున నడిబిందువు నుండి ఉత్తరముగా ఆరింట ఐదు వంతులు, సుమారు 8.3 మీటర్లు. నడిమి అడ్డ వరుసలో 10కును 18కిని నడుమ ఎనిమిదింట ఐదు వంతులు, అనగా తూర్పుగా 6.25 మీటర్లు. దక్షిణపు వరుసలో 12కును 20కిని నడుమ ఎనిమిదింట మూడు వంతులు, అనగా 3.75 మీటర్లు. తక్కిన గడుల అంచులలో 15 ఎచ్చటను తగులదు.

ఈ నాలుగు బిందువులను వరుసగా కలిపినచో రేఖ సిద్ధము. దానికి తూర్పున ఎత్తు నేల, పడమట పల్లము. వాన కురిసినపుడు నీరు పడమటి ప్రక్క నడుమనున్న 8 వద్దకు చేరును. అచ్చట గోడ యున్నచో తూము కావలెను. తొమ్మిది అంకెలు చూచినవారికి తోచని సంగతి ఒక్క రేఖతో తెలిసినది. ముగ్గు వేయువారు ముందు చుక్కలు పెట్టి పిమ్మట గీతను నడిపించినట్లే, ఇచ్చట అంకెలు చుక్కలు, రేఖ వాని నడుమ నడచునది. భేద మొక్కటియే: ముగ్గునందు గీత మన యిష్టము, ఇందు గీతను అంకెలే నడుపును.

రెండు విలువల నడుమ విలువను ఈ విధముగా అంచనా కట్టుటను అంతర్వేశనము అందురు. ఇందొక చిక్కు కలదు. ఒక గడి నాలుగు మూలలును వరుసగా 20, 10, 22, 10 అనుకొనుడు. ఎత్తైన మూలలు రెండును ఎదురెదురుగా నున్నవి. 15 రేఖ నాలుగు అంచులను తాకును. వానిని రెండు విధములుగా కలుపవచ్చును. ఎత్తైన మూలలు నడుమ కలసియున్నవా, లేక పల్లములు కలసియున్నవా? నాలుగు అంకెల సగటు 15.5, అది 15 కంటె హెచ్చు గనుక నడుమ ఎత్తేయని భావించి ఎత్తైన మూలలను కలుపుట ఒక పద్ధతి. కాని నిజము తెలియవలెనన్నచో నడుమకు పోయి కొలువవలసినదే. యంత్రము తెలియని దానిని తెలిసినట్లు గీయునను మాట ఇచ్చటనే గుర్తుంచుకొనవలెను.

4. కంప్యూటరుపై

ఈ పనికి ఉపయోగించు సాధనములలో ఆర్ అనునది ఒకటి. ఇది గణాంక శాస్త్రము కొరకు ఏర్పడిన ప్రోగ్రాము భాష. న్యూజీలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ అను ఇరువురు ఆచార్యులు దీనిని ప్రారంభించిరి. వారి పేర్ల మొదటి యక్షరము రెండింటను ఆర్ అగుటయు, దీనికి మాతృకయైన బెల్ ప్రయోగశాల వారి భాషకు ఎస్ అను పేరుండుటయు ఈ నామమునకు కారణములు. 2000 ఫిబ్రవరి 29న దీని మొదటి పూర్ణ రూపము వెలువడినది. దీనిని ఎవరైనను ఉచితముగా తెచ్చుకొని వాడవచ్చును. పేదవాని యింటి కంప్యూటరుకును విశ్వవిద్యాలయపు కంప్యూటరుకును ఇందు భేదము లేదు.

ఆర్‌తో పాటుగనే వాల్కనో అను ఒక అంకెల పట్టిక వచ్చును. ఆక్లండ్ నగరమునందలి మౌంగాఫౌ అను పాత అగ్నిపర్వతము ఎత్తులను 10 మీటర్ల కొకటి చొప్పున అందు పొందుపరచిరి. 87 అడ్డ వరుసలు, 61 నిలువు వరుసలు. మొత్తము 5,307 అంకెలు. కనిష్ఠము 94 మీటర్లు, గరిష్ఠము 195 మీటర్లు. ఇహాకా ఒక పటమునుండి వీనిని ఎత్తి వ్రాసెను. ఇవి నేర్చుకొనుటకే గాని ఖచ్చితమైన కొలతలుగా తీసికొనరాదని ఆ భాష వివరణ గ్రంథమే హెచ్చరించుచున్నది.

తెరపై కాంటూర్ అని చిన్న ఆంగ్లాక్షరములతో కొట్టి, కుండలీకరణములలో వాల్కనో అని వ్రాసి మీట నొక్కినచో రేఖల పటము కనబడును. యంత్రము తనంతట 100 నుండి 190 వరకు 10 మీటర్ల కొక రేఖను ఎన్నుకొనును. వెలుపలి రేఖలు మెల్లగా కొండ నెక్కించును; శిఖరము దగ్గర లోపలి భాగమున మరల దిగుడు కనబడును. అదియే అగ్నిపర్వతపు నోరు. మూడు వివరములు చెప్పినచో పటము బాగుపడును. రేఖల ఎత్తులు మనమే నిర్ణయింపవలెనన్నచో లెవెల్స్ అను పేరుతో వానిని ఇయ్యవలెను. పొడవు వెడల్పులు 860, 600 మీటర్లు గనుక వానిని మీటర్లలోనే యిచ్చి, రెండు దిక్కుల కొలతను ఒకటిగా నుంచుటకు ఏఎస్‌పీ అను దానిని 1 చేయవలెను. లేనిచో కొండ నొక్కుకొనిపోవును. శీర్షికయు, మీటర్లు అను ప్రమాణమును వ్రాయుట మరువరాదు.

రేఖల నడుమ రంగులు నింపుటకు ఫిల్డ్ అని వ్రాసి, చుక్క పెట్టి, కాంటూర్ అని వ్రాయుదురు. ఎడమ ప్రక్క పటము, కుడి ప్రక్క ఏ రంగు ఎంత ఎత్తో చెప్పు రంగుల నిచ్చెన వచ్చును. వాల్కనోకు యంత్రము సుమారు 20 మెట్లు కోరి 5 మీటర్ల కొక రంగును ఇచ్చును. ఇచ్చట చాలమంది విద్యార్థులు తికమక పడు విషయ మొకటి కలదు. పటము, నిచ్చెన రెండును ఒకే కాగితముపై వేర్వేరు గదులలో గీయబడుచున్నవి. పటము పూర్తియైన పిదప దానిపై ఊరి గుర్తునో రేఖలనో వేయబోయినచో అవి తప్పుడు చోట పడును. అట్టి వానిని ప్లాట్, చుక్క, యాక్సెస్ అను భాగములోనే ముందుగా చెప్పవలెను.

మరియొక చిక్కు దిక్కులది. మనము పట్టికను పైనుండి క్రిందికి చదువుదుము. ఆర్ మాత్రము మొదటి అడ్డ వరుసను ఎడమ అంచుగా నిలబెట్టి, మొదటి నిలువు వరుసను అడుగు అంచుగా పరచును. అనగా పట్టిక ఎడమకు పావు చుట్టు తిరిగినట్లు కనబడును. పైన చెప్పిన బడి ఆవరణ అంకెలను అట్లే ఇచ్చినచో ఉత్తరము ఎడమ ప్రక్కకు పోవును. తూము తప్పు గోడకు పడును! పట్టికను త్రిప్పి యిచ్చి, పటముపై ఉత్తరపు బాణమును వేసి, ఒక తెలిసిన చోటును సరిచూచుకొనుట ఉత్తమము.

5. రంగుల మెట్లు

రేఖ కంటె రంగు శీఘ్రముగా మనస్సున పడును. శీఘ్రముగా మోసగించును గూడ. ఇంద్రధనుస్సు రంగులతో పటము వేయుట పిల్లల కిష్టము. కాని ఆ వరుసలో పసుపు మిక్కిలి వెలుగుగా నుండి, దాని కిరుప్రక్కల వెలుగు తగ్గును. అంకెలలో ఏ గట్టును లేకున్నను పసుపు వద్ద ఒక గట్టు ఉన్నట్లు కంటికి తోచును. మరియు ఎరుపు, ఆకుపచ్చల భేదము తెలియని వారు కొందరుందురు. ఈ లోపము ఆడపిల్లల కంటె మగపిల్లలలో హెచ్చు. ఒక బాలుడు పటమును చదువలేకున్నచో మందబుద్ధి యని తలచుటకు ముందు రంగులను అనుమానింపవలెను.

కావున తక్కువ నుండి ఎక్కువకు లేత నుండి ముదురునకో, ముదురు నుండి లేతకో ఒకే వరుసలో వెలుగు మారు రంగులు మేలు. 2015లో రూపొందిన విరిడిస్ అను వరుస అట్టిది; ఊదా నుండి ఆకుపచ్చ మీదుగా పసుపునకు పోవును. ఆర్‌లో 2019 నుండి ఇట్టి వరుసలు భాషలోనే చేరియున్నవి. సగటు కంటె హెచ్చు, సగటు కంటె తక్కువ అని రెండు ప్రక్కలు చూపవలసి వచ్చినపుడు నడుమ తెలుపును, ఇరుప్రక్కల రెండు వేర్వేరు రంగులను ఉంచవలెను. సులభమైన పరీక్ష యొకటి కలదు: పటమును నలుపు తెలుపులో జెరాక్స్ తీసి చూడుడు. అప్పుడును ఎక్కువ తక్కువలు తెలిసినచో రంగులు సరియైనవి.

రెండు పటములను పోల్చునపుడు వేరొక జాగ్రత్త కావలెను. రెండు సంవత్సరముల ఉష్ణోగ్రతల పటములను యంత్రమునకే విడిచినచో, ఒక్కొక్క యేటి కనిష్ఠ గరిష్ఠములను బట్టి ఒక్కొక్క నిచ్చెనను కట్టును. మొదటి యేట ముదురు ఎరుపు 38 డిగ్రీలు కావచ్చును; రెండవ యేట అదే ఎరుపు 42 కావచ్చును. రెండును ఒకటే యని చూపరి తలచును. పోల్చుటకు ముందు మెట్లు రెండింటికిని ఒకటి చేయవలెను. పత్రికలలో ఎర్రని పటమును చూచి భయపడుటకు ముందును, చల్లని నీలమును చూచి నిశ్చింతపడుటకు ముందును నిచ్చెనపై అంకెలు చదువుట తల్లిదండ్రులు పిల్లలకు నేర్పదగిన అలవాటు.

6. పటమున కనబడని వారు

పటము ఎంత చిన్న సంగతిని చూపగలదో అది గడి పరిమాణముపై ఆధారపడియుండును. భారత వాతావరణ శాఖవారు దేశమంతటికి తయారు చేసిన వర్షపాత పట్టికలలో ఒకదాని గడి పావు డిగ్రీ. అనగా సుమారు 27 కిలోమీటర్లు. ఆ గడిలో అనేక గ్రామములుండును. ఒక గ్రామమున పడిన కుండపోత వాన ఆ సగటులో కలసిపోవచ్చును. అట్లే 20 మీటర్ల కొక రేఖ యున్న పటమున, రెండు రేఖల నడుమ నున్న 15 మీటర్ల దిబ్బ ఒక్క గీతకైనను నోచుకొనకపోవచ్చును. దిబ్బ లేదని దాని అర్థము కాదు. పటము మెట్లు దానికంటె పెద్దవి యని మాత్రమే.

ఈ మాట మనవంటి భాషా అల్పసంఖ్యాకులకు ప్రత్యేకముగా వర్తించును. 2011 జనగణన ప్రకారము దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. వారిలో అనేక లక్షల మంది ఇతర రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడినవారు. రాష్ట్రమున కొక రంగు వేసి భాషల పటమును గీచినచో మన ఊళ్లన్నియు పొరుగు రంగులో మునిగిపోవును. అది అబద్ధమని చెప్పలేము. ఆ పటపు మెట్టు అంతటిది. కాని ఆ రంగును చూచి "ఇచ్చట తెలుగు పిల్లలు లేరు" అని ఎవరైనను తీర్మానించినచో అది తప్పు.

పోనీ, భాషకు సమోన్నత రేఖలు గీయుదమా? అదియును తగదు. కొండ ఎత్తు ఒక అడుగు నుండి మరియొక అడుగునకు క్రమముగా మారును. అందుచేతనే నడిమి విలువను లెక్కింపగలిగితిమి. తెలుగువారి ఊరికిని ప్రక్కనున్న తమిళుల ఊరికిని నడుమ పొలములో సగము తెలుగు సగము తమిళము ఉండదు. క్రమముగా మారని దానికి అంతర్వేశనము పొసగదు. అట్టి వానికి ఊరికొక చుక్క పెట్టి, జనసంఖ్యను బట్టి చుక్కను పెద్దది చిన్నది చేయుటయే న్యాయమైన పద్ధతి. ఏ పటమునకు ఏ పద్ధతి తగునో తెలిసికొనుట, పటము గీయుట కంటె ముఖ్యమైన విద్య.

7. ఇంటివద్ద అభ్యాసము

ఈ సెలవులలో పిల్లలచేత ఈ పనులు చేయింపుడు.

ఒకటి: పై తొమ్మిది అంకెలను గళ్ళకాగితముపై వ్రాసి, 15 రేఖను చూచుకొని, 11 రేఖను స్వయముగా గీయవలెను. ఏ యంచులపై ఎన్ని మీటర్ల వద్ద దాటునో వ్రాయవలెను.

రెండు: మేడమీదనో పెరటిలోనో 16 చోట్ల మధ్యాహ్నము ఒకే వేళ ఉష్ణోగ్రతను కొలిచి పట్టిక తయారు చేయవలెను. నీడ ఎచ్చట, ఎండ ఎచ్చట అని ప్రక్కన వ్రాసికొనవలెను. నీడ అంచున విలువ క్రమముగా మారుచున్నదా, ఒక్కసారిగా మారుచున్నదా చూడవలెను.

మూడు: కంప్యూటరు దొరకినచో ఆ పట్టికను ఆర్‌లో పటముగా గీచి, చేతితో గీచిన దానితో పోల్చవలెను. ఉత్తరము సరిగా నున్నదో లేదో ముందు చూడవలెను.

నాలుగు: వార్తాపత్రికలో వచ్చిన ఒక రంగుల పటమును కత్తిరించి, అందు ప్రమాణము, మెట్లు, తేదీ, కొలతలు తీసినవారి పేరు అను నాలుగును ఉన్నవో లేవో గుర్తింపవలెను.

కంప్యూటరు చదువు తెలుగు మాధ్యమమున సాగదను భయము కొందరు తల్లిదండ్రులలో నున్నది. యంత్రమునకు కొట్టవలసిన ఆంగ్ల పదములు ఈ పాఠమునందు పదింటికి మించలేదు. వానిని ఒక్క సాయంకాలమున నేర్వవచ్చును. రేఖ ఎందుకు అచ్చటనే నడచినది, రంగు ఎందుకు అంత ముదిరినది, ఏ పటమును నమ్మవచ్చును అను ఆలోచన మాత్రము బాలునికి ఇంటి భాషలోనే ముందుగా తెలియును. ఆలోచన తెలిసినవానికి ఏ భాషలోని మాటయైనను పరిచారికయే. చెరువు గట్టుపై తడి గీతను చూచినపుడెల్ల ఈ పాఠమును పిల్లలకు జ్ఞాపకము చేయుదురుగాక యని కోరుచున్నాము.